మా బడి పిల్లల పడవల ఆట

పొద్దున్న పలాసలో మా వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే, పక్కనే మా మనవరాలు ఫోనులో కార్ల పందెం ఆడుతోంది. ఎదుటివాడి కారు బోల్తా పడేసరికి ఎగిరి గంతేసింది. దాని సంబరానికి నవ్వాను గానీ, మనసు మాత్రం అక్కుపల్లి అవతల సముద్రపు ఒడ్డునున్న మా బడికి వెళ్ళిపోయింది.

నేను లెక్కల టీచర్ని. రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనగా బడికి కంప్యూటర్లొచ్చాయి, కోడింగు నేర్పమన్నారు. శిక్షణకి పంపితే వెళ్ళి, అర్థమైనంత అర్థం చేసుకుని వచ్చాను. మిగిలింది మా అబ్బాయిని బతిమాలి చెప్పించుకునేదాన్ని. ఆ పాఠాన్ని పూండి దాకా రైల్లో వల్లె వేసుకుంటూ వెళ్ళి, ఆటో దిగగానే మరిచిపోకముందే పిల్లలకి అప్పజెప్పేసేదాన్ని. ఉప్పుగాలికి కీబోర్డు మీటలు బిగుసుకుపోయేవి, జీడిపళ్ళ కాలంలో పిల్లల వేళ్ళ జిగురుకి అతుక్కుపోయేవి. అయినా ఆదేశాలు రాసున్న రంగురంగుల ముక్కలు ఒకదాని కింద ఒకటి పేర్చి తెరమీది బొమ్మని తమ మాట వినేలా చేయడమంటే వాళ్ళకి ప్రాణం. చేపల వేట లేని రోజున తండ్రులతో వలలు బాగుచేస్తూ ఉండిపోయే పిల్లలు కూడా ఆ పీరియడుకి పరిగెత్తుకొచ్చేవారు.

అంతలో పిడుగులాంటి కబురు. పిల్లలు సొంతంగా ఏదైనా తయారుచేసి చూపించకపోతే మా కంప్యూటర్లని టెక్కలిలో పెద్ద బడికి తరలించేస్తారట. చూడటానికి ఒక అధికారి వస్తారట. అందరి ముఖాలూ వాడిపోయాయి. ఏడో తరగతిలో పెద్దగా నోరు విప్పని పిల్ల ఒకతి, మరో ముగ్గురిని కూడగట్టుకుని పడవల ఆట తయారుచేసింది. నాలుగు పడవలు, నలుగురు ఆటగాళ్ళు. ఎవరు ఎక్కువ చేపలు పడితే వాళ్ళు గెలిచినట్టని నేననుకున్నాను.

అధికారి వచ్చి కూర్చున్నారు. ఒకే కీబోర్డు మీద నలుగురు పిల్లల చేతులు. ఆట బాగానే సాగుతుండగా కెరటం తగిలి ఒక పడవ బోల్తా పడింది. అంతే, చేపలన్నీ మాయం. అందరి లెక్కా ఆగిపోయింది. మిగతా మూడు పడవలూ మునిగినదాని వైపు తప్ప ఇంకెటూ కదలవు. ఒకరు ఓడిపోతే మిగతావాళ్ళ ఆట ఆగడమేమిటి, ఎక్కడో తప్పు రాసినట్టున్నారు అన్నారాయన.

ఆ పిల్ల లేచి నిలబడింది. "తప్పు కాదండి సారూ. ఒక పడవ మునిగితే మిగతావోళ్ళు సేపలెలగ పడతారండి? పోయినేడు మా అయ్య పడవ తిరగబడిపోతే ఊరోళ్ళందరూ వలలొగ్గీసి ఎతకడానికెల్లినారు. అందుకే మా అయ్య ఉన్నాడు."

"మరి ఇందులో గెలిచేదెవరమ్మా?" అడిగారాయన.

"మునిగినోడు ఒడ్డుకొత్తే అందరూ గెలిసినట్టేనండి."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒక పడవ నాకివ్వండి అన్నారు. పాపం, చేపల కోసం ఆబగా పోయి క్షణంలో బోల్తా కొట్టారు. గాభరాగా అన్ని మీటలూ నొక్కేస్తుంటే, పక్కనున్న ఆ పిల్ల తెర మీంచి చూపు తిప్పకుండానే, "కదలకండి సారూ, వత్తన్నాం" అంది. ఆయన నిజంగానే చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. మూడు పడవలూ ఆయన వైపు తిరిగాయి. ఆయన పడవ ఒడ్డు చేరాక గదిలో మేం చప్పట్లు కొట్టలేదు, ఎందుకో అందరికీ కళ్ళు చెమర్చాయి.

కంప్యూటర్లు మా బడిలోనే ఉండిపోయాయి. జీవితమంతా ఎవరు ముందు, ఎవరు వెనక అని మార్కులు వేసుకుంటూ వచ్చినదాన్ని. ఆ పిల్లలకి నేనెంత ఋణపడ్డానో చెప్పలేను. కాలం ఒక్క ఏడాది తొందరపడి నన్ను ముందే ఇంటికి పంపేసి ఉంటే, గెలవడమంటే ఏమిటో తెలియకుండానే నేను పెద్దదాన్నైపోయేదాన్ని.