గిటారులో మా మంద గుర్తు

దయ్యం పట్టిందంటూ నా దుకాణానికి చాలా రేడియోలు వచ్చాయి. ఒకటి అర్ధరాత్రి ఏడుస్తుందన్నారు. ఇంకొకటి చచ్చిపోయిన మామ గొంతుతో దగ్గుతుందన్నారు. విప్పి చూస్తే లోపల బల్లి ఉండేది, లేదంటే ఊడిన వైరు. బల్లిని బయటపడేసి, వైరు అతికించి పంపేవాణ్ణి. దయ్యాల మీద నాకున్న నమ్మకం అంతే. ఇప్పుడు ఈ సంగతి చెబుతున్నదీ అదే మనిషి.

అరవైల్లో దేవరకొండలో నాకు రేడియోలు, మైకుసెట్లు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. ఇల్లు మాత్రం ఊరవతల పల్లెలో. రోజూ సైకిలు మీద వచ్చి పోయేవాణ్ణి. మాది గొర్రెలు కాచే కుటుంబం. నాన్న పోయాక ఇంట్లో అమ్మ, నేను, మా వదిన లచ్చమ్మ మిగిలాం.

మా అన్న మల్లయ్య ఒక కరువు ఎండాకాలంలో మందను తోలుకొని అమ్రాబాద్ అడవుల వైపు పోయాడు. అక్కడ రోగం తగిలి జీవాలు చాలా వరకు చచ్చిపోయాయి. మిగిలినవాటిని తోటివాళ్లకు అప్పజెప్పి, బొంబాయి పోయే పాలమూరు కూలీలతో కలిసి రైలెక్కాడని చెప్పారు. ఓడల రేవులో మూటలు మోస్తుంటే చూశామని ఒకరన్నారు. ఓడెక్కి దేశం దాటాడని ఇంకొకరన్నారు. ఆ తర్వాత కబురు లేదు. ఇల్లు విడిచేనాటికి అతనికి పెళ్లయి ఏడాదైనా సరిగా కాలేదు.

పదేళ్లు దాటినా వదిన మా ఇంట్లోనే ఉంది. మా కులంలో మారు మనువు తప్పు కాదు. మోత్కూరు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. కులపెద్దలు కూడా సరేనన్నారు. అడ్డం పడింది అమ్మే.

"వాడు సచ్చిండని ఎవరన్న కండ్లార చూసిండ్రా? బతికున్నోని పెండ్లాన్ని ఇంకొకనికి ఎట్లిస్త?" అనేది.

వదిన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నాకు మాత్రం అమ్మ మీద కోపంగానే ఉండేది. రాని మనిషి కోసం ఆమె వయసంతా ఇంటి చాకిరీలో అరిగిపోతోంది. మోత్కూరు వాళ్లు ఒక వారంలో ఏదో ఒకటి తేల్చమన్నారు.

సరిగ్గా ఆ వారమే రాఘవరావు సారు గిటారు తెచ్చాడు.

ఆయన దేవరకొండలో గుమాస్తా. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆర్కెస్ట్రాలో వాయించేవాడట. అది కరెంటు గిటారు. ఒళ్లో పడుకోబెట్టుకొని, ఇనుప కడ్డీ తీగల మీద జరుపుతూ వాయించేది. సికింద్రాబాద్‌లో పాత సామాన్ల అంగడిలో కొన్నాడు. ఇప్పుడు వేళ్లు వంగక అమ్మేస్తున్నాడు. కంపెనీ పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది.

"జర విప్పి చూడు నర్సింహా. ఏ కాలందో, లోపలి సామాను అసలుదో మార్చిందో తెలిస్తెనే కొంటడట వరంగల్లాయన. అన్నీ ఒక కాయితం మీద రాసియ్యి" అన్నాడు.

అలాంటిది నేను అంతకుముందు విప్పలేదు. అయినా విద్యుత్తు ఎక్కడైనా విద్యుత్తే. తీగలు ఆరు. లోపల గుల్ల లేదు, మొత్తం ఒకటే కట్టె. తీగల కింద ఇనుప మూత, దాని లోపల అయస్కాంతానికి చుట్టిన సన్నటి తీగ. దాన్ని పికప్ అంటారు. తీగ కదిలితే ఆ కదలికను కరెంటుగా మార్చేది అదే. శబ్దం పెంచడానికి ఒక గుండీ, మెత్తబరచడానికి ఇంకొకటి. పికప్‌కు మీటరు పెట్టి చూశాను. ఎక్కడా తెగలేదు.

తర్వాత మూత విప్పాను. ఇక్కడ కొంచెం ఓపికగా వినాలి. స్క్రూల గాడిలో పాత వార్నిష్ గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్ దిగకపోతే సూదితో గీకి తీయాల్సి వచ్చింది. లోపలి టంకం అతుకులన్నీ ఒకే చేతి పని. అంటే తయారైన నాటినుంచి ఎవరూ దాన్ని విప్పలేదు.

పికప్ పైకెత్తితే కింద తొలిచిన గుంత కనిపించింది. ఆ గుంత అంచున రెండు గీతలు కలిసిన మూల ఆకారం ఒకటి చిన్నగా చెక్కి ఉంది. దాని కింద పక్కపక్కనే రెండు గాట్లు.

అది మా మంద గుర్తు.

గొర్రెలు కాచేవాళ్లలో ఇంటింటికీ ఒక చెవి గుర్తు ఉంటుంది. మందలు కలిసిపోయినా ఏది ఎవరిదో తెలియడానికి అవి గొర్రెపిల్లలుగా ఉన్నప్పుడే చెవి కోస్తారు. మాది చెవి కొసన అలాంటి ఒక మూల, కింద రెండు గాట్లు. మూలలు, గాట్లు ఎవరైనా పెట్టవచ్చు. ఫ్యాక్టరీలో వడ్రంగులు కూడా ముక్కలు కలుపుకోవడానికి గుర్తులు పెట్టుకుంటారు. మొదట నేను అదే అనుకున్నాను. కానీ ఈ గాట్లు లోపలి వైపు వాలి ఉన్నాయి. మా ఇంట్లో అందరి గాట్లూ బయటికి వాలేవి. మా అన్న మల్లయ్యది ఎడమచేతి వాటం, అతని గాట్లే లోపలికి వాలేవి. అతను కోసిన జీవాలను మందలో దూరం నుంచే పోల్చేవాళ్లం.

ఆ గాట్ల పైనుంచి వార్నిష్ చెక్కుచెదరకుండా పారి ఉంది. దూదిని స్పిరిట్‌లో ముంచి కొంచెం తుడిచాను. పొర కింద గాటులోని కట్టె కూడా మిగతా కట్టెలాగే ముదిరిపోయి ఉంది. కొత్తగా కోసింది కాదు.

సారుకు చెప్పి గిటారును ఇంటికి తీసుకుపోయాను. దాచాలని నాకు అనిపించలేదు. అది వాళ్ల మనిషి సంగతి.

అమ్మ బొటనవేలితో ఆ గాట్లను తడిమింది. నేను ఏమీ చెప్పకముందే ఏడ్చింది.

"గిది వాని చెయ్యే. నా కొడుకు బతికే ఉన్నడు. మోత్కూరోళ్లకు రావొద్దని చెప్పున్రి."

వదిన మసక వెలుతురులో సరిగా కనిపించక గిటారును గడప దగ్గరికి తీసుకుపోయింది. చాలాసేపు చూసింది. "అత్తా, గిటు రా" అని పిలిచింది.

రెండు గాట్లకూ అడ్డంగా ఒక సన్నటి కోత ఉంది. నేను దాన్ని ఉలి జారిన గీత అనుకున్నాను. జీవాన్ని అమ్మినప్పుడు మా ఇంట్లో అలా అడ్డకోత పెట్టి తోలేవాళ్లు. అది పడిందంటే మాకు దాని మీద హక్కు తీరినట్టే. ఇక ఏ మందలోనైనా కలవవచ్చు.

"ఇడిసిపెట్టిండు అత్తా" అంది వదిన.

అమ్మకు ఒక్కసారిగా కోపం వచ్చింది. "నిన్నేమన్న గొర్రె అనుకున్నడా వాడు?"

"గొర్రెనైతే కోత పెట్టి, చెప్పి తోలుతరు. నాకు గా మాట గూడ చెప్పలే. గిప్పుడు చెప్పిండు."

వదిన ఏడవలేదు. అన్నేళ్లలో ఆమె గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. నాకు దుఃఖం ఆగలేదు. అమ్మ ఆ అడ్డకోతను వేలితో తడిమి చూసింది. తర్వాత వదిన తలమీద చెయ్యి పెట్టింది.

"పో బిడ్డా. మోత్కూరోళ్లను రమ్మంట" అంది.

సంగతి ఇక్కడితో ఆగిపోతే నేనూ సమాధాన పడేవాణ్ణి. అన్న దేశం దాటాడు, గిటార్లు చేసే చోట పని దొరికింది, కట్టె మీద తన గుర్తు పెట్టాడు, అది తిరిగి తిరిగి మా దగ్గరికే వచ్చింది. జరగడం కష్టమే, కానీ జరగకూడదని లేదు.

మర్నాడు మిగిలిన పని పట్టుకున్నాను. గుండీల వెనక ఇంకో మూత ఉంది. దాని స్క్రూలు కూడా అలాగే బిగుసుకుపోయి ఉన్నాయి. శబ్దం పెంచే గుండీ అడుగున అంకెలు అచ్చు కొట్టి ఉన్నాయి. రేడియో పనిలో ఉన్నవాళ్లకు ఆ అంకెల్లో తయారైన సంవత్సరం చదవడం తెలుసు. నేను చదివింది రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి సంవత్సరం.

పాత సరుకును తర్వాత వాడారేమో అనుకున్నాను. అనుమానం తీరక సారుతో గిటారును సికింద్రాబాద్ పంపాను. అక్కడ ఒక ముసలి వాద్యగాడు చూడగానే పోల్చాడట. ఈ రకం యుద్ధానికి ముందే వచ్చేదని, తర్వాత వచ్చినవాటి ఆకారమే వేరని చెప్పాడట. తాను వయసులో ఉన్నప్పుడు ఇలాంటిదే వాయించాడట.

ఆ గిటారు తయారయ్యేనాటికి మా అన్న పల్లెలో గొర్రెపిల్లల వెంట పరుగెత్తే పిల్లవాడు. కత్తి పట్టడానికి నాన్న ఇంకా ఒప్పుకోని వయసు.

మోత్కూరు వాళ్లు రావడానికి ముందు ఈ మాట వదినకు చెప్పాను. చెప్పకపోతే మోసం చేసినట్టు అవుతుందనిపించింది. ఆమె చాటలో జొన్నలు చెరుగుతోంది. చెరగడం ఆపి అంతా విన్నది.

"కోత ఎప్పటిదైతే ఏంది నర్సింహా. నాకు అందింది గిప్పుడు" అంది. కొంచెం ఆగి, "అత్తకు మాత్రం చెప్పకు. కొడుకు బతికున్నడన్న ధైర్నం దొరికింది ఆమెకు. గది గుంజుకోకు" అంది.

మారు మనువు జరిగింది. మోత్కూరులో ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టారు. అన్న మాత్రం రాలేదు, కబురూ రాలేదు. తర్వాత అలాంటి గిటార్లు ఇంకొన్ని నా చేతికి వచ్చాయి. ప్రతిదాని మూతా పని ఉన్నా లేకున్నా విప్పి చూశాను. లోపల ఉత్త కట్టె.

సారు అడిగిన కాయితం రాసిచ్చాను. యుద్ధానికి ముందటిది, ఒకటే కట్టె, తీగలు ఆరు, పికప్ అసలుదే, గుండీలు అసలువే, ఇంతవరకు ఎవరూ విప్పలేదు. పికప్ కింద ఉన్న గుర్తు గురించి కూడా ఒక వరుస రాయాలని కలం పట్టుకొని కూర్చున్నాను. కొనేవాడికి అన్నీ తెలియాలి కదా. ఏమని రాయాలో తోచలేదు. ఆ వరుస ఖాళీగానే వదిలి సంతకం పెట్టాను. ఇప్పుడు రాయమన్నా నాకు చేతకాదు.