పద్నాలుగో నంబరు గోలు

ఇది ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం ఒకటే, నాకు రాయడం రాదు. అనంతపురం జిల్లాలో మా ఇంట్లో పెద్దపిల్లను నేను. తమ్ముళ్ళను ఎత్తుకుని తిరిగే వయసులో బడి దాటిపోయింది. తర్వాత మా ఆయనకు సిడ్నీలో వంటమాస్టరుగా పని దొరికితే వెంట వచ్చాను. ఇక్కడ మాటలు పనిలో నేర్చుకున్నాను. అంకెలు ఎలాగో వచ్చాయి. తెలుగు అక్షరాలు మాత్రం ఉద్యోగం మానేశాక, లైబ్రరీలో శనివారం పిల్లలకు చెప్పే క్లాసులో వెనక కూర్చుని దిద్దాను.

నా ఉద్యోగం బ్లాక్‌టౌన్ వైపు ఒక ఆటల మైదానంలో. హోదా గ్రౌండ్స్ అసిస్టెంట్. పైన ఒక సూపర్‌వైజర్, ఆయన పైన ఆఫీసు. గడ్డి కోయడం, నీళ్ళు పెట్టడం, శుక్రవారం గీతలు వేయడం నా పని. ఒక్కో ఆటకు ఒక్కో కొలత. సూపర్‌వైజర్ బొమ్మ గీసి ఇస్తే దాన్ని చూసి మేకులు కొట్టి, తాడు కట్టి, రంగు బండి నడిపేదాన్ని.

అక్కడ ఆడే ఆటల్లో ఐర్లండ్ వాళ్ళ గేలిక్ ఫుట్‌బాల్ ఒకటి. బంతిని చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్దొచ్చు. గోలుస్తంభాలు రెండూ ఆకాశంలోకి నిలబడి ఉంటాయి, మధ్యలో అడ్డకర్ర. బంతి కర్ర మీదుగా పోతే ఒక పాయింటు, కింద వలలో పడితే గోలు, అంటే మూడు పాయింట్లు. ప్రతి గోలు దగ్గరా ఇద్దరు అంపైర్లు తెల్లకోటు వేసుకుని నిలబడతారు. పాయింటుకు తెల్లజెండా, గోలుకు పచ్చజెండా. ఒకరి దగ్గర ఒకటి, రెండోవారి దగ్గర రెండోది.

ఆ ఆటలో అంపైర్లను ఆటల సంఘం పంపదు. రెఫరీయే తన మనుషుల్ని తెచ్చుకుంటాడు, బావమరిదినో, పక్కింటి వాణ్ణో. ఐర్లండ్‌లో అదే ఆచారమట. డెక్లన్ అనే రెఫరీ, వారంలో ప్లంబరు పని చేసేవాడు, ఒకసారి మనిషి తక్కువై నన్ను అడిగాడు. ఆదివారం నాకు సెలవు. సూపర్‌వైజర్‌ను అడిగి ఒప్పుకున్నాను. అప్పట్నుంచి రెండు సీజన్లు లీగ్ మ్యాచ్‌లలో నిలబడ్డాను.

నేను రిటైరవడానికి ముందు ఏడాది, చలికాలం వెళ్ళిపోతుండగా, అమ్మాయిల చాంపియన్‌షిప్ ఫైనల్ మా మైదానంలో పెట్టారు. రెండు జట్లూ ఐర్లండ్‌లో రెండు కౌంటీల పేర్లతో ఆడతాయి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఎర్రచొక్కాల జట్టులో పద్నాలుగో నంబరు, అంటే గోలుకు దగ్గరగా ఆడే పిల్ల, మన తెలుగు పిల్ల. పేరు శ్రావ్య. యూనివర్సిటీలో స్నేహితురాళ్ళతో వెళ్ళి ఆట మరిగింది.

నాకు చిక్కు అక్కడే. మా ఆయన పోయాక నేను ద పాండ్స్ అనే పేటలో శ్రావ్య వాళ్ళ ఇంటి వెనక గదిలో అద్దెకు ఉంటున్నాను. వాళ్ళమ్మ సునీతది గుంటూరు. నన్ను అక్కా అంటుంది. పండక్కీ జ్వరానికీ నాకు వాళ్ళే దిక్కు. ఈ ఆట సునీతకు నచ్చదు. మోకాళ్ళు పోతాయి, చదువు పోతుంది అని గొడవ. ఆ వారం నా ఎదురుగానే కూతురికి చెప్పేసింది, కప్పు తెస్తే ఇంకో ఏడాది ఆడుకో, లేకపోతే ఇంతటితో ఆపెయ్ అని. ఎప్పుడూ రానిది, ఆరోజు పులిహోర డబ్బాలతో మైదానానికి వచ్చింది.

ఫైనల్‌కు నిలబడమని డెక్లన్ అడిగినప్పుడే ఈ సంగతి చెప్పాను. ఆట మొదలవకముందు అతను కెప్టెన్లిద్దర్నీ పిలిచి, నన్ను పక్కన పెట్టుకుని అడిగాడు. అభ్యంతరం లేదన్నారు. నీలంచొక్కాల కెప్టెన్ నవ్వుతూ, "మీ ఇంటి పిల్ల గోలు కొడితే ఈ రాత్రి మీకు ఒక ముక్క ఎక్కువ పడుతుందా?" అంది. పులిహోరలో ముక్కలుండవని చెప్పాను.

నా పక్క స్తంభం దగ్గర మిక్, డెక్లన్ బావమరిది. పచ్చజెండా అతనిది, తెల్లది నాది. మొదటి సగమంతా పాయింట్లే. రెండో సగంలో ఎర్రజట్టు దాడి మా వైపుకు వచ్చింది. గాలి కూడా మావైపే తిరిగింది. ఎవరూ ఎవర్నీ రెండు పాయింట్లకు మించి దాటనివ్వలేదు. అరిచి అరిచి జనం గొంతులు పోయాయి. ఆట ముగింపుకొచ్చేసరికి నీలం జట్టు రెండు పాయింట్లు ముందుంది.

అప్పుడు నీలం పిల్ల ఒకతె బంతిని తన గోలు పక్కగా బయటికి తోసింది. అలా జరిగితే ఎదుటి జట్టుకు నలభై అయిదు మీటర్ల గీత మీద నుంచి తన్ను దొరుకుతుంది. డెక్లన్ గడియారం చూసుకున్నాడు. ఇదే ఆఖరని అందరికీ తెలిసింది. ఒక పాయింటు ఎర్రజట్టుకు చాలదు, గోలే కావాలి.

ఇలాంటి తన్నుకు ఒక నిబంధన ఉంది. గోలు ముందు చిన్న పెట్టెలాగా గీత ఉంటుంది, స్క్వేర్ అంటారు. బంతి అందులోకి రాకముందు దాడిచేసే జట్టు వాళ్ళు కాలు పెట్టకూడదు. పెడితే గోలు చెల్లదు. అందుకే అంపైర్లు ముందే పంచుకుంటారు. మిక్ వేళ్ళతో సైగ చేశాడు, బంతి నాది, గీత నీది అని. నేను తల ఊపాను.

తన్నిన చప్పుడు విన్నాను. బంతిని నేను చూడలేదు. గీతనే చూస్తున్నాను. బూట్లు, మేజోళ్ళు, తోపులాట. ఎర్ర మేజోడు కాలు ఒకటి గీత దాటి లోపల ఆనింది. ఆ తర్వాతే బంతి నీడ గీత మీదికి వచ్చింది. పిడికిలి దెబ్బ వినపడింది, వల ఊగింది. ఆ కాలి వెంటే తలెత్తితే శ్రావ్య, రెండు చేతులూ పైకెత్తి ఉంది.

ఎర్రజట్టు తరఫు జనమంతా మైదానం చుట్టూ కట్టిన తాడు దాటి లోపలికి వచ్చేశారు. మిక్ వంగి పచ్చజెండా అందుకున్నాడు. ఎత్తేముందు నావైపు చూడాలి, చూశాడు. నేను అరచెయ్యి అడ్డం పెట్టాను. అతను జెండా ఎత్తకుండా కిందికే పట్టుకున్నాడు.

డెక్లన్ పరుగున వచ్చాడు. బంతి కంటే ముందు స్క్వేర్‌లో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఉన్నారన్నాను. ఎవరని అడిగాడు. మేం పేర్లు చెప్పం, నంబరే చెప్పాలి.

శ్రావ్యకు అర్థమైపోయింది. దగ్గరికి వచ్చింది. "నో ఆంటీ, ఐ వాజ్ అవుట్‌సైడ్," అంది గట్టిగా. తర్వాత నాకొక్కదానికే వినపడేలా, "పెద్దమ్మా, ప్లీజ్," అంది. ఆ పిల్ల నన్ను ఎప్పుడూ ఆంటీ అనే పిలిచేది.

జెండా కర్ర రెండో చేతికి మార్చుకున్నాను. డెక్లన్ ఇంకోసారి అడగలేదు. నా ముఖం చూస్తూ నిలబడ్డాడు.

"పద్నాలుగు," అన్నాను.

గోలు చెల్లదని చెప్పాలంటే రెండు జెండాలనూ ఒకదానికొకటి అడ్డంగా పెట్టి చూపించాలి. మిక్ పచ్చది పైకి పట్టాడు. నేను వెళ్ళి తెల్లది దానికి అడ్డంగా ఆనించాను. తాడు వెనకనుంచి ఒకడు, కళ్ళద్దాలు కూరలో పడేసుకొచ్చావా అంపైరమ్మా అన్నాడు. ఇంకొకడు క్రికెట్ అనుకుంటోంది అన్నాడు. వాటికి నేను అలవాటు పడ్డాను. ఆ గోలలో ఒక్క తెలుగు మాట వినపడింది. "అక్కా, ఏంటది?" సునీత.

నీలం గోల్‌కీపర్ బంతిని దూరంగా తన్నింది. ఆట అయిపోయినట్టు డెక్లన్ ఈల వేశాడు.

మిక్ చెయ్యి కలిపి, నాకు బంతి తప్ప ఏమీ కనపడలేదు అన్నాడు. అది అతని తప్పు కాదు, పంచుకున్నదే అట్లా. డెక్లన్ థాంక్స్ చెప్పి కోట్లు సంచిలో వేసుకున్నాడు. నేను సునీత కారులో ఇంటికి రాలేదు. గేట్లు మూసే పని ఉందని చెప్పి రైలుకు వెళ్ళాను. గేట్లు మూసే పని నిజంగానే ఉంది.

శ్రావ్య మళ్ళీ ఏడాది ఆడలేదు. వాళ్ళమ్మ అన్న మాట మీదే నిలబడింది. నా వల్లేనా అంటే, అవుననే చెప్పాలి. ఆ పిల్ల ఆ కాలు పెట్టకపోతే బంతి అందేది కాదేమో, అదీ నిజమే.

ఆ రోజు నేర్చుకున్నది చిన్నదే. గీత చూడమన్న మనిషి ఆట చూడకూడదు. ఎవరు గెలుస్తారో, ఎవరింట్లో ఏమవుతుందో చూడటానికి తాడు వెనక చాలామంది ఉంటారు. గీతకు మాత్రం ఒక్కరే ఉంటారు.

ఫైనల్ మర్నాడు పొద్దున డ్యూటీకి బయల్దేరే ముందు నేనే వెళ్ళి వాళ్ళ వంటింటి తలుపు తట్టాను. సునీత తీసింది. "చూడనట్టు ఊరుకుంటే ఏం పోయేది అక్కా?" అంది. చూశాను కదమ్మా అన్నాను. పొయ్యివైపు తిరిగి పాలు పెట్టింది. తర్వాత కాఫీ ఇచ్చింది. అందులో చక్కెర లేదు. మరిచిపోయిందో, కావాలనే వెయ్యలేదో నేను అడగలేదు. మొత్తం తాగి, గ్లాసు కడిగి బోర్లించి, పనికి వెళ్ళాను.