రమణయ్య పదకొండు అంకెలు

అండమాన్ చరిత్ర రాసినవాళ్లంతా ఓడల గురించి రాశారు, జైలు గురించి రాశారు, తుపాన్ల గురించి రాశారు. పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్లో ఇనుప సామాన్ల కొట్టు నడిపే రమణయ్య కొబ్బరి నీళ్లు మింగేముందు పదకొండు అంకెలు లెక్కపెడతాడన్న సంగతిని మాత్రం ఒక్క మహానుభావుడూ నమోదు చేయలేదు. ఆ లోటును ఇక్కడ, తగిన వినయంతో, పూడ్చడమైనది.

ఆయన పద్ధతి ఇది. బోండం చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. స్ట్రా ఇస్తే, ఇంటిపేరు పెట్టి తిట్టినట్టు చూస్తాడు. ఒక్క గుక్క నోట్లో పోసుకుని, కుడి కన్ను మూసి, ఎడమ కంటితో ఆకాశం చూస్తూ వేళ్ల మీద పదకొండు లెక్కపెడతాడు. అప్పుడు మింగి తీర్పు చెబుతాడు.

"పడమటి గాలి తగిలే చెట్టు. రెండో గెల. దింపినవాడిది ఎడమచేతి వాటం."

చేతివాటం నీళ్లలో ఎలా తెలుస్తుందని ఆటో శ్రీను ఒకసారి ధైర్యం చేసి అడిగాడు.

"పది దగ్గరే మింగేస్తే తెలీదురా బాబూ," అన్నాడు రమణయ్య జాలిగా.

ఇదంతా తాగేటప్పటి తంతు. తాగకముందు ఇంకొకటి ఉంది. తోటవాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తాడు. పిల్లలెందరు? ఏం చేస్తున్నారు? వానకు ఇల్లు కురుస్తోందా? కొబ్బరికాయకూ ఇంటికప్పుకూ చుట్టరికం ఏమిటని ఎవరైనా అంటే, "మట్టి సంగతి ఊరికే తెలుస్తుందా?" అని కసురుతాడు. పోర్ట్ బ్లెయిర్‌లో పెళ్లికి బోండాలు కావాలన్నా, హోటలుకు కావాలన్నా ముందు ఆయన తీర్పు, తరువాతే ముహూర్తం.

ఈ మహత్తు మీద ఆయన మేనల్లుడు భానుప్రకాష్ ఒక వ్యాపారం కట్టాలనుకున్నాడు. లంబాలైన్‌లో ఉంటూ టూరిస్టులకు కార్లు, పడవలు కుదిర్చే భానుకు ఒకనాడు ఫోనులో ఒక వీడియో కనబడింది. ఎక్కడో ఒక నది, దాని వెంట లోయ, లోయంతా ద్రాక్షతోటలు. జనం పడవలో తీరిగ్గా పోతూ, తోట తోటకూ దిగి, తలా ఒక గుక్క వైను పుచ్చుకుని, అదేదో పరీక్ష రాస్తున్నట్టు మొహాలు పెడుతున్నారు. అందుకు పోటీలు పడి వస్తున్నారు.

"మావయ్యా, మనకు ద్రాక్ష లేదు గాని కొబ్బరుంది. డిగ్లీపూర్ దగ్గర కల్పాంగ్ నది ఉంది, లోయ ఉంది. తొందర లేని మనుషులైతే అవసరానికి మించే ఉన్నారు. ఏ తోటల్లో ఆగాలో నువ్వు తేల్చాలి."

రమణయ్య కొట్టుకు తాళం వేశాడు. భార్య కామేశ్వరమ్మ పులిహోర కట్టింది. ముగ్గురూ ఫీనిక్స్ బేలో ఓడెక్కి డిగ్లీపూర్ చేరి, జోగులు నడిపే చిన్న మోటారు పడవలో నదిలోకి దిగారు.

ఇరువైపులా మడచెట్లు వేళ్లు పైకెత్తి నిలబడ్డాయి. వాటి వెనక పచ్చని కొండలు. రమణయ్య ప్రతి పిట్ట దగ్గరా పడవ ఆపించి దాని పేరు అడిగాడు.

"సార్, ఇంత నెమ్మదిగా పోతే మొసలి కూడా ఇసుగెత్తి ఎల్లిపోద్ది," అన్నాడు జోగులు.

"మొసలి ఉందా? ఏదీ?" అని రమణయ్య అటువైపు వంగాడు. కామేశ్వరమ్మ చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

మొదటి రెండు తోటలూ సులువుగానే తేలాయి. చిక్కంతా ఆఖరి మజిలీ దగ్గర వచ్చింది. సాయంత్రం పోటు తిరిగేలోపు పడవ వెనక్కి రావాలి కాబట్టి అక్కడ ఒక్క తోటకే సమయం. నదికి ఇటు ఒడ్డున కాంట్రాక్టరు గోపినాథ్ తోట, అటు కాళమ్మ తోట. ఇందులో ఒకటి.

గోపినాథ్ సిమెంటు బెంచీలు వేయించి, గేటు దాకా ఎదురొచ్చాడు.

"ఆయియే రమణయ్య భయ్యా, బైఠియే! ముందు చాయా, నారియల్ పానీయా?"

"ముందు ఇది చెప్పండి. ఇల్లు కురుస్తోందా?"

"కురవడమేంటి భయ్యా! పక్కా స్లాబు. మూడంతస్తులు."

"పిల్లలు?"

"ఒకడు మెరైన్ ఇంజనీరు, ఒకడు బ్యాంకు. దోనో సెటిల్."

రమణయ్య పదకొండు లెక్కపెట్టి మింగాడు. "నీళ్లలో తొందర ఉంది," అన్నాడు.

భాను తాగి చూశాడు. పానకంలా ఉన్నాయి. నీళ్లలో తొందర ఎక్కడుందో తెలియక రెండోసారి తాగాడు. అప్పుడూ దొరకలేదు. ఇది తన నాలుక దోషమేనని సరిపెట్టుకుని పడవెక్కాడు.

కాళమ్మ తోట నది ఉప్పుటేరులో కలిసే చోట ఉంది. పాతిక చెట్లు, ఒక రేకుల ఇల్లు, ఎండుచేపల పందిరి. ఆమె నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు అరువు తెచ్చి వరసగా వేసి, తాను నిలబడింది.

"ఇల్లు కురుస్తోందా అమ్మా?"

"కురుత్తాది బాబూ. మూడు సోట్ల తట్టలెట్టినాను."

"పిల్లలు?"

"ఒక్కడే, లక్ష్ముడు. పడవ ఇరిగిపోనాది, కూలికెల్తన్నాడు. మీ టూరిస్టు బోటు ఈడ ఆగితే ఉంటాం. నేదంటే తోట ఇంకోలికి ఒగ్గేసి, పోర్ట్ బ్లెయిర్ల మా సెల్లికాడికెల్లి ఇళ్లల్లో పనికి కుదురుతాను. నాను నాటిన సెట్లే బాబూ ఇయన్నీ."

రమణయ్య బోండం అందుకున్నాడు. కుడి కన్ను మూశాడు. కాళమ్మ చీరకొంగు మెలిపెడుతూ ఆయన వేళ్లకేసి చూస్తోంది. తొమ్మిది, పది, పదకొండు.

"భానూ, రాసుకో. లోయ మొత్తానికి నీళ్లంటే ఇవీ! తీపి. ఎలాంటి తీపి? ఎదురుగా రాదు, వెనక నుంచి వచ్చి భుజం తడుతుంది."

భాను ఆత్రంగా ఒక గుక్క పట్టాడు. నోట్లో సముద్రం అలలతో సహా కనబడింది. పోయిన ఏడాది ఉప్పుటేటి కట్ట తెగి తోటలోకి నీరెక్కిందట.

"మావయ్యా, ఇది..."

కామేశ్వరమ్మ వాడి మోచేయి గిల్లి పందిరి వెనక్కి లాక్కుపోయింది.

"అత్తయ్యా, అది ఉప్పు కషాయం! తీపంటాడేంటి?"

"మెల్లిగా ఏడువు. నాలుగేళ్ల కింద జ్వరమొచ్చింది చూడు, దాంతోనే ఆయన నాలుక పోయింది. ఉప్పూ తెలీదు, తీపీ తెలీదు. నేను చేసిన చారు వరసగా వారం రోజులు అమృతమన్నాడు. అప్పుడొచ్చింది నాకు అనుమానం."

"మరి ఈ తీర్పులు?"

"పూర్వం నీళ్లు తాగి చెప్పేవాడు. ఇప్పుడు మనుషుల్ని అడిగి చెబుతున్నాడు. కప్పు కురిస్తే నీళ్లు తీపి. స్లాబైతే తొందర."

"పదకొండు అంకెలో?"

"విన్నదంతా ఆలోచించుకోడానికి ఆ మాత్రం టైము పట్టదూ?"

భాను పందిరి వెనకే లెక్క వేసుకున్నాడు. పెట్టుబడి తనది, పేరు తనది. ఉప్పునీళ్లు తాగించినందుకు టూరిస్టులు తిట్టబోయేదీ తననే. ఇవతలికి వచ్చి పుస్తకం తీసి, "ఆఖరి మజిలీ, కాళమ్మ తోట" అని రాశాడు.

కాళమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "బాబూ, నిజం సెప్పు. ఉప్పగున్నాయి కదేటి?"

"ఉన్నాయమ్మా. నది ఉప్పుటేరులో కలిసే చోట ఇలాగే ఉంటాయని ముందే చెప్పి మరీ తాగిస్తా. అందులో అబద్ధమేముంది?"

ఆ యాత్ర ఇప్పుడు వారానికి రెండుసార్లు నడుస్తోంది. పుణె నుంచి వచ్చిన డాక్టరుగారు కాళమ్మ తోటలో మూడు బోండాలు తాగి నాలుగోది అడిగాడు. బెంగళూరు దంపతులు అది సైంధవ లవణం రుచా, సముద్రపు రుచా అని అరగంట వాదించుకుంటే, జోగులు పడవలో ఒక కునుకు తీశాడు. అందరూ కుడి కన్ను మూసే తాగుతున్నారు. లక్ష్ముడు కూలి మానేసి బోండాలు దింపుతున్నాడు.

రమణయ్య నెలకొకసారి తనిఖీకి వచ్చి, పదకొండు లెక్కపెట్టి, తీపి కిందటి నెల కంటే పెరిగిందని చెప్పి వెళుతున్నాడు. ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయని ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.