బాతులు వెళ్లిపోకముందే

తాటిపూడి రిజర్వాయరు కొత్తగా నిండిన ఏడాదే సూరీడమ్మ గట్టెక్కి పిట్టలను చూడడం మొదలుపెట్టింది. వానల్లో కొంగల తగవులు, చలికాలంలో బాతుల గుంపులు, ఎండల్లో బురద కెలికే ఉల్లంకి పిట్టలు. ఏ కాలాన్నీ వదల్లేదు. ఊళ్లోవాళ్లు దాన్ని భక్తి అనుకున్నారు. మనవాళ్లకు ఎవరైనా ఊరికే సంతోషిస్తే నమ్మకం కుదరదు. ఆమె మాత్రం రెక్కలారబెట్టుకునే నీటికాకిని చూసి, "మా ముసిలోడు పంచె ఆరేసినట్టు ఉన్నాది" అని నవ్వేది.

అరవై ఎనిమిదో ఏట ఆమె కళ్లకు శుక్లాలు కమ్మాయి. కొడుకు పైడిరాజు ఎంత బతిమాలినా ఆపరేషన్‌కు భయపడి కదల్లేదు. ఒకరోజు గట్టుమీద, "ఒరే, ఆ బాతు కదలదేటిరా?" అంది.

"బాతు కాదే అమ్మా, దుంగ."

మర్నాడే పట్నం ఆసుపత్రికి బయల్దేరింది.

మాఘమాసంలో సోడాబుడ్డి కళ్లద్దాలతో తిరిగొచ్చింది. చూపొస్తే ముందుగా అత్తను శ్రీకూర్మం గుడికి తీసుకెళ్తానని కోడలు నీలవేణి మొక్కుకుంది. సద్దిమూట కట్టుకుని, "అత్తా, బస్సొచ్చేత్తాది, బేగి రా" అని తొందరపెట్టింది.

సూరీడమ్మ గట్టువైపు నడిచింది. "కూర్మయ్య ఏడాది పొడుగునా అక్కడే ఉంటాడే. ఈ బాతులు ఎండలు ముదిరితే ఎల్లిపోతాయి."

నీలవేణి సద్దిమూటతోనే వెనక గట్టెక్కింది.