సేనాపతి ఇంటికొచ్చాక

మా ఆయన ఏడాది తర్వాత ఈ రోజు మధ్యాహ్నం సరిహద్దు నుంచి సెలవు మీద వచ్చారు. ఈ ఏడాదంతా ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్లో ఒక్కదాన్నే ఉండి చారిత్రక ప్రేమ నవలలు తెగ చదివాను. కోటలు, గుర్రాలు, యుద్ధం నుంచి తిరిగొచ్చే వీరులు. ఒక్కటీ విసుగనిపించలేదు. వీరుడు గుమ్మంలో అడుగుపెట్టగానే నాయికతో పాటు నా కళ్లూ చెమర్చేవి.

ఈ రోజు తలుపు తీస్తే ఆయన నిలబడి ఉన్నారు. నల్లబడ్డారు, చిక్కారు. నాకేమీ అనిపించలేదు. సంతోషం వస్తుందేమోనని చూస్తూ అలాగే నిలబడ్డాను. పక్క క్వార్టర్ దీదీ బాల్కనీలోంచి అభినందిస్తూ "బధాయీ హో" అని అరిస్తే నవ్వాను కూడా. ఆయన ట్రంకు పెట్టె లోపల పెట్టి, "గీజర్ వేశావా?" అన్నారు. వేశానన్నాను.

భోంచేశాక, మంచం మీద నేను సగం చదివి పెట్టిన నవల తీసి తిరగేశారు.

"ఈ సేనాపతి ఇంటికెప్పుడొస్తాడు?"

"ఆఖరి పేజీలో."

"వచ్చాక ఏం చేస్తారు వాళ్లిద్దరూ?"

"అది రాయరండీ. అక్కడితో అయిపోతుంది."

ఆయన పుస్తకం మూసేశారు. "నాకూ ఏమీ తోచట్లేదే. మళ్లీ అలవాటు పడ్డానికి నాలుగు రోజులు పడుతుందేమో," అన్నారు.

తర్వాత వంటింట్లోకొచ్చి, నేను కడిగిన గిన్నెలు తుడిచి అరలో పెట్టారు. అన్నీ వేరే చోట్లే పెట్టారు. నేను మళ్లీ సర్దలేదు.

ఫౌజీల ఇళ్లలో ఉన్న అక్కలూ, మీకెన్ని రోజులు పట్టిందో కాస్త చెప్పండి.