రెండూళ్ల కూలీల రుజువు

1976 వేసవిలో, రేపల్లెలో గణితం లెక్చరర్‌గా ఉన్న నన్ను ఇంటర్మీడియట్ జవాబు పత్రాలు దిద్దడానికి తెనాలి క్యాంపుకు వేశారు. హోదా అసిస్టెంట్ ఎగ్జామినర్. మేం ఎర్ర సిరాతో దిద్దితే, మాపైన చీఫ్ ఎగ్జామినర్ కొన్ని పేపర్లు మళ్లీ చూసి ఆకుపచ్చ సిరాతో సవరిస్తారు. ఏ మెట్టుకు ఎన్ని మార్కులో చెప్పే కాగితాన్ని స్కీము అనేవాళ్లం. దాన్ని దాటడానికి వీల్లేదు.

ఒక పేపరు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ద్విపద గుణకాల వర్గాల మొత్తానికి సూత్రాన్ని రుజువు చెయ్యమని ప్రశ్న. పుస్తకంలో అయితే రెండు శ్రేణులను గుణించి గుణకాలు పోలుస్తారు. ఈ పేపరులో అదేమీ లేదు. రెండు ఊళ్లలో సమానంగా కూలీలున్నారు, నాట్లకు ఒక ఊరికి సరిపడా మందే కావాలి అని మొదలుపెట్టారు. మొదటి ఊళ్లో ఎంతమందిని తీసుకుంటామో, రెండో ఊళ్లో అంతమందిని వదిలేయాలి. రెండు చోట్లా ఎంచుకునే విధాలు అన్నే కాబట్టి వర్గం వస్తుంది. అన్నీ కూడితే, రెండూళ్లనూ కలిపి ఒకేసారి ఎంచుకున్నట్టే.

ఎవరూ నేర్పకుండా ఒక పసి బుర్ర అక్కడిదాకా వెళ్లింది. నాకు పట్టలేని సంతోషం కలిగి పూర్తి మార్కులు వేశాను. వాటితోనే ఆ పేపరు గట్టెక్కింది. మిగతా ప్రశ్నలు కూడా సొంత దారిలో మొదలుపెట్టి, టైము చాలక వదిలేసినవే.

మా చీఫ్ సుబ్బారావుగారు బాపట్లలో పేరున్న మేష్టారు. "ఏంటి ప్రసాదూ, నాట్ల కూలీలక్కూడా మార్కులేస్తున్నావా?" అన్నారు.

"రుజువులో తప్పు లేదండి."

"తప్పని నేనన్నానా? స్కీములో ఉందా?"

లేదన్నాను. కొత్త దారి పట్టిన ప్రతి పేపరునూ తేల్చుకుంటూ కూర్చుంటే వేసవంతా చాలదన్నారు. రుజువు మళ్లీ చదివి, బాగుందయ్యా అని కూడా అన్నారు. అంటూనే సున్నా చుట్టారు.

నంబరు చీటీ చించేసి కోడ్ వేసి ఇస్తారు కనుక, రాసింది అమ్మాయో అబ్బాయో కూడా నాకు తెలియదు. తనకు లెక్కలు రావనే నమ్మకంతో ఎక్కడో చదువు ఆపేసి ఉంటారు. తలుచుకుంటే ఇప్పటికీ ఏమీ తోచదు.

రేపల్లె తిరిగి వచ్చాక, సొంత పద్ధతి చూపించిన పిల్లలందరికీ ఒకటే చెప్పాను: ముందు పుస్తకంలోది రాయండి, టైము మిగిలితే మీది రాయండి. రిటైరయ్యేదాకా అదే చెప్పాను. వాళ్లు పాసయ్యారు. టైము మిగిలినవాళ్లు మాత్రం ఒక్కరూ నాకు కనపడలేదు.