తేనెటీగలను తరిమిన చేను

మొన్న మార్కాపురంలో కొన్న నూనె ప్యాకెట్ మీద పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ఉంది. ఒక్క ఈగ కూడా వాలని, కడిగి ఆరేసినంత శుభ్రమైన పువ్వు. చూడగానే మా చిన్నాయన గుర్తొచ్చాడు. ఆ బొమ్మ వేసినవాడూ ఆయనా ఒకే బడిలో చదివి ఉంటారు.

గిద్దలూరు పక్కన మా అవ్వకు ఎర్రనేల చేను ఉండేది. గట్ల మీద తంగేడు పూలు తెంపుకుంటూ, పక్క చేలో పచ్చి శనక్కాయలు ఒలుచుకు తింటూ మేం పిల్లలం అక్కడే పెరిగాం. రెండేళ్లు వానలు మొహం చాటేశాక అవ్వ మొదటిసారి పొద్దుతిరుగుడు వేసింది. ఆ పంట చేతికొస్తేనే ఆమె ఎద్దుల జత కొట్టంలో ఉంటుంది, లేకపోతే సంతకు పోతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పూత వచ్చిన పొద్దున చేనంతా పసుపు, ముక్కుకు అంటుకునే పుప్పొడి వాసన, చెవులు గింగురుమనేలా తేనెటీగలు.

చిన్నాయన ఇంటర్ తప్పి, ఇంట్లో మహా శాస్త్రవేత్తగా స్థిరపడ్డాడు. ఎండలో ఆకు చక్కెర తయారు చేస్తుందని, అది పువ్వులోకి దిగి తేనె అవుతుందని ఎక్కడో అరపేజీ చదివాడు. మిగతా అరపేజీ చదివే ఓపిక ఆయనకు లేదు.

“ఆ చక్కెరంతా ఈగలు తాగిపోతే గింజలో నూనె యాడ నుంచి వస్తాది?” అన్నాడు.

“తాగనీ నాయనా, దాని కడుపెంత?” అంది అవ్వ.

“నీకేం తెలుసమ్మా? ఊరకుండు.”

పిల్లలం పకపకా నవ్వాం. అవ్వను చూసే నవ్వాం.

పూత ఉన్నన్నాళ్లూ చిన్నాయన తెల్లారగానే గట్ల మీద వేపాకు పొగ పెట్టించి, మా చేతికి పాత తువ్వాళ్లిచ్చి, ఈగ వాలితే ఊపమన్నాడు. కళ్లు మండి నీళ్లు కారుతున్నా అందరికన్నా గట్టిగా ఊపింది నేనే. పువ్వులు తలలు వంచాక కోసి, ఎండబెట్టి, కర్రలతో కొడితే రాలినవన్నీ తాలు గింజలు. చిన్నాయన ఒకటి కొరికి, ఉమ్మేసి, “విత్తనం మోసం” అని తీర్పు చెప్పాడు. వారం తిరక్కుండా ఎద్దులు సంతకు పోయాయి. అవ్వ వాటి మెడగంటలు ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూచుంది.

ఇప్పుడు నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఆకు నుంచి సన్నని నాళాల్లో వచ్చిన సుక్రోజ్‌ను పువ్వు అడుగునుండే గ్రంథిలో ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుందని, ఆ చక్కెరలు నీటిని లాక్కుని మకరందంగా ఊరతాయని, అది పువ్వు ఈగకిచ్చే కూలి అని, ఈగ పుప్పొడి మోస్తేనే గింజ కడుతుందని బోర్డు మీద రాస్తాను. ఇదంతా ఒకసారి చిన్నాయనకు చెబితే మీసం దువ్వుకుంటూ “నేను చెప్పినాది అదే గదా” అన్నాడు. ఇంత అజ్ఞానాన్ని ఇన్నేళ్లు చెక్కుచెదరకుండా కాపాడుకోవడం కూడా ఒక విద్యే.

ఆ చేనిప్పుడు ప్లాట్లయింది, హద్దురాళ్లు పాతారు. ఈగలు లేవు, ఎద్దులు లేవు, అవ్వ లేదు. చిన్నాయనను తిట్టుకోవడం నాకు తేలిక. కానీ డిగ్రీలో ఈ పాఠం చదివి సెలవులకు ఊరెళ్లినప్పుడు అవ్వ ఇంకా బతికే ఉంది. నువ్వన్నదే నిజం అవ్వా అని చెప్పడానికి, చదువుకున్నదాన్ని, నాకు నామోషీ అనిపించింది. చెప్పకుండానే బస్సెక్కాను.